కాలు ఆనే చోట గరుకు, తొడ జరిగే చోట నునుపు

ప్రశ్న: మాది నాలుగు మీటర్ల పైచిలుకు పొడవున్న ఫైబర్‌గ్లాస్ రేసింగ్ డింగీ, అంటే చిన్న తెరచాప పడవ. ఒక్కరే నడిపేది, ఇరవై ఏళ్లు దాటింది. డెక్ మీద అచ్చులోనే పోసిన వజ్రాకారపు గళ్లు అరిగి నున్నబడ్డాయి. టాక్ తిప్పేటప్పుడు (ముక్కును గాలికి అడ్డంగా తిప్పి నేను పక్క మారేటప్పుడు) కాలు జారి మోకాళ్ల మీద పడుతున్నాను. నిరుడు డెక్కంతా సబ్బుతో కడిగి, సాండ్‌పేపర్‌తో రుద్ది, ఇసుక కలిపిన పెయింట్ రెండు పూతలు వేశాను. నాలుగు నెలలకే పెచ్చులు లేచింది. ఊడని చోట మాత్రం హైకింగ్ షార్ట్స్ (పడవ ఒరగకుండా అంచు మీద కూర్చుని బయటికి వాలేందుకు వేసుకునేవి) వెనక భాగాన్ని తినేసింది. ఇప్పుడు పాత పెయింట్ మొత్తం గీకేయాలా? ఈసారి ఏది, ఎంత, ఎలా వేయాలి? ఇదంతా ఎందుకని ఫోమ్ ప్యాడ్లు అంటించుకోవడమే మేలా?

సమాధానం: మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. పెచ్చులు లేవడం పెయింట్ తప్పు కాదు, దాని కింద ఉన్నదాని తప్పు. షార్ట్స్ చిరగడం ఇసుక తప్పు కాదు, దాన్ని వేసిన చోటు తప్పు.

ముందు పెచ్చుల సంగతి. లేచిన పెచ్చు ఒకటి తీసి వెనక్కి తిప్పి వెలుతురులో చూడండి. వెనక వైపు గాజులా మెరుస్తుంటే జెల్‌కోట్ (ఫైబర్‌గ్లాస్ పైనుండే గట్టి రంగు పొర) మీద మైనం మిగిలి ఉందన్నమాట, లేదా సాండ్‌పేపర్ అక్కడిదాకా చేరలేదన్నమాట. వేలితో రాస్తే తెల్లటి పొడి అంటుకుంటే, ఎండకు సుద్దబారిన జెల్‌కోట్‌ని తీయకుండా దాని మీదే పెయింట్ వేశారని అర్థం. ఇసుక పడవకే అంటుకుని ఉండి పై పొర మాత్రమే ఊడివస్తే, మొదటి పూతకూ రెండో పూతకూ మధ్య డబ్బా మీద రాసిన గడువు దాటిపోయింది. మీరు రాసిన వరస చూస్తే మొదటిదే అయ్యుండాలి. సబ్బు మైనాన్ని తీయదు. మైనం ఉన్న డెక్‌ని రుద్దితే సాండ్‌పేపర్ గీసిన ప్రతి గీతలోకీ ఆ మైనం దిగబడుతుంది. ఆ తర్వాత ఎంత ఖరీదైన పెయింట్ వేసినా మైనం మీద నిలబడ్డట్టే. అందుకే మైనం తీయడం ముందు, రుద్దడం తర్వాత. ఈ వరస తిరగబడకూడదు.

ఇక షార్ట్స్. ఒక్కరు నడిపే హైకింగ్ పడవలో డెక్కంతటికీ ఒకే గరుకు అక్కర్లేదు. పాదం ఆనేవి కాక్‌పిట్ (కాళ్లు పెట్టుకునే గుంట) నేల, కాలు తన్నిపెట్టే కాక్‌పిట్ పక్క గోడలు, బోల్తా పడ్డాక పైకి ఎక్కే చోటు. వీటికి గట్టి గరుకు కావాలి. సైడ్ డెక్ (కాక్‌పిట్‌కి అటూ ఇటూ మీరు కూర్చునే చోటు) మీద తొడలు రోజుకు వందల సార్లు లోపలికీ బయటికీ జరుగుతాయి. అక్కడ తడి ప్లాస్టిక్‌లా జారకుండా ఉంటే చాలు, పట్టుకుని లాగకూడదు. పదునైన రేణువు అక్కడ షార్ట్స్‌లోని నియోప్రీన్ రబ్బరుని ఆకురాయిలా అరగదీస్తుంది. పైగా గాలి జోరుకు గబుక్కున బయటికి జరగాల్సినప్పుడు మిమ్మల్ని ఉన్నచోటే ఆపేస్తుంది. ముందు డెక్ మీద మీరు నడిచేదే లేదు కాబట్టి దాన్ని నున్నగానే వదిలేయండి. నీళ్లు తొందరగా జారిపోతాయి, ముక్కు దగ్గర బరువూ పెరగదు. ఇద్దరు నడిపే ట్రాపీజ్ పడవల (మాస్ట్ అనే తెరచాప స్తంభం నుంచి వేలాడే తీగకు తగిలించుకుని ఒకరు అంచు మీద నిలబడేవి) లెక్క వేరు. వాటికి పడవ అంచు మీద, మాస్ట్ పక్కన కూడా గట్టి గరుకు తప్పదు.

డబ్బా తెరిచే ముందు మీ క్లాస్ రూల్స్ (మీ రకం పడవల రేసు నిబంధనలు) ఒకసారి చదవండి. ఇల్కా (పాత పేరు లేజర్) లాంటి, పడవలన్నీ ఒకేలా ఉండాల్సిన కచ్చితమైన వన్‌-డిజైన్ తరగతుల్లో రూల్ స్పష్టంగా అనుమతించని మార్పు ఏదైనా నిషిద్ధమే. కొలతల తనిఖీలో చెప్పించుకునే కన్నా ముందే తెలుసుకోవడం మేలు. బరువు కూడా లెక్కలోకి వస్తుంది. పావు మిల్లీమీటరు మందాన రేణువులు నిండుగా పరిస్తే చదరపు మీటరుకు ఇసుక దాదాపు 400 గ్రాములు తూగుతుంది. అదే పరిమాణంలో ప్లాస్టిక్ గుళికలు 150 గ్రాముల లోపే. అందుకే రేసింగ్ పడవకు మేం ఇసుక చెప్పం, పెయింట్ కోసమే తయారయ్యే పాలిమర్ గుళికలు చెబుతాం. అవి గుండ్రంగా ఉంటాయి కాబట్టి మోకాలి చర్మం కూడా బతికిపోతుంది.

పాత పెయింట్ మొత్తం తీయాల్సిందే. సగం ఊడినదాని మీద కొత్తది వేస్తే మిగతా సగం ఊడేటప్పుడు కొత్తదాన్నీ వెంట తీసుకుపోతుంది. గట్టిగా పట్టి ఉన్నట్టు కనిపించే చోటు మీద నమ్మకం కుదరకపోతే బ్లేడుతో దగ్గర దగ్గరగా అడ్డంగా, నిలువుగా గీతలు గీసి, మంచి టేపు అదిమి అంటించి ఒక్కసారిగా లాగి చూడండి. చదరాలు టేపుతో పాటు వచ్చేస్తే సందేహం తీరినట్టే. పెయింట్ ఏ జాతిదో కూడా తేల్చుకోవాలి. థిన్నర్‌లో ముంచిన గుడ్డ పది నిమిషాలు దాని మీద ఉంచండి. మెత్తబడి ముడతలు పడితే అది హార్డెనర్ లేని ఒంటి డబ్బా పెయింట్. దాని మీద రెండు భాగాల (పెయింట్, హార్డెనర్ కలిపి వేసే) పాలీయురేథేన్ వేస్తే కొత్త పెయింట్‌లోని ద్రావకం పాతదాన్ని ఉబ్బించి లేపుతుంది.

తీయడానికి కార్బైడ్ స్క్రేపర్, ఆ తర్వాత 80 నంబర్ సాండ్‌పేపర్. స్క్రేపర్ మూలలు ముందే ఆకురాయితో కాస్త గుండ్రం చేసుకోకపోతే జెల్‌కోట్‌లో చాళ్లు పడతాయి. జెల్‌కోట్ మందం సాధారణంగా అర మిల్లీమీటరు అటూ ఇటూ, అంతే. సాండింగ్ మెషిన్ ఒకేచోట ఆపి ఉంచితే కింది ఫైబర్ బయటపడటానికి ఎంతోసేపు పట్టదు. హీట్ గన్ జోలికి పోకండి, పాలియెస్టర్ లామినేట్ (జెల్‌కోట్ కింది ఫైబర్ పొరలు) వేడికి మెత్తబడుతుంది. ఇళ్లలో వాడే ఘాటు పెయింట్ రిమూవర్లూ వద్దు, అవి పెయింట్‌తో పాటు జెల్‌కోట్‌నీ తింటాయి.

గీకేటప్పుడు ఒక విషయం గమనించండి. మీ గళ్లు నిజంగా చచ్చిపోయాయా, లేక మీ పెయింటే వాటి లోయల్ని పూడ్చేసిందా? అరిగిన గళ్ల మీద మందపాటి పెయింట్ వేసేవాళ్లందరికీ జరిగేదే ఇది. శిఖరాలు ఎటూ అరిగాయి, పూత లోయల్నీ నింపేసింది, మొత్తం చదునైపోయింది. లోయల్లోని పెయింట్‌ని ఇత్తడి వైర్ బ్రష్‌తో తీయండి. ఉక్కు బ్రష్ వాడితే తెగిన తీగ ముక్కలు గుచ్చుకుని తర్వాత తుప్పు మరకలు వదులుతాయి. శుభ్రపడ్డాక పల్చటి కాగితం పరిచి పెన్సిల్ పక్కకు పడుకోబెట్టి రుద్దండి. గళ్లు కాగితం మీద విడివిడిగా, స్పష్టంగా దిగితే ఆ చోటు ఇంకా బతికే ఉంది. బూడిదరంగు మసకలా దిగితే అయిపోయింది. డెక్కంతా పది పన్నెండు చోట్ల ఇలా చూస్తే ఎక్కడెంత పని ఉందో ఆ కాగితాలే చెబుతాయి.

బతికున్న చోట పెయింట్ అక్కర్లేదు. మైనం తీసి, మెరూన్ రంగు స్కాచ్‌బ్రైట్‌తో నీళ్లు పోస్తూ రుద్ది మెరుపు పోగొడితే చాలు. అరిగింది అరచేయంత ఒకటి రెండు మచ్చలే అయితే, పెయింట్ కన్నా అందమైన దారి ఇంకోటి ఉంది. మీ పడవలోనే ఎవరూ తొక్కని చోట, మాస్ట్ ముందో వెనక మూలలోనో, అసలు గళ్లు కొత్తవాటిలా ఉంటాయి. వాటి మీద అచ్చులకు వాడే రెండు భాగాల సిలికాన్ రబ్బరు మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన పూసి, గట్టిపడ్డాక ఒలిచి తీయండి. అదే మీ అచ్చు. అచ్చు మచ్చ కన్నా చుట్టూ నాలుగు వేళ్లు పెద్దదిగా ఉండాలి. అంచుల్లోని గళ్లు డెక్ మీద మిగిలిన మంచి గళ్లలోకి తాళంచెవిలా కూర్చుంటాయి కాబట్టి వరస తప్పదు. మచ్చని 120 నంబర్‌తో రుద్ది, అసిటోన్‌తో తుడిచి, రంగు కలిసే జెల్‌కోట్‌ని గరిటజారుగా కలిపి పూయండి. 100 గ్రాములకు 2 గ్రాముల హార్డెనర్. కలిపిన తర్వాత పది పదిహేను నిమిషాల కన్నా ఎక్కువసేపు చేతిలో ఉండదు. అచ్చుని ఒక అంచు నుంచి మొదలుపెట్టి గాలి బయటికి పోయేలా రోలర్‌తో నొక్కుతూ పరిచి, పైన ఇసుక సంచి పెట్టి, మర్నాడు ఒలవండి. మైనం కలపని జెల్‌కోట్ గాలి తగిలితే పైన జిగటగానే ఉండిపోతుంది. అచ్చు కింద గాలి చొరదు కాబట్టి చక్కగా గట్టిపడుతుంది. అంచుల దాటి బయటికి పొంగినది మాత్రం జిగటగా మిగులుతుంది, దాన్ని అసిటోన్‌తో తుడిచేయండి. ఒక హెచ్చరిక: ఎపాక్సీ పుట్టీ పెట్టిన చోట పాలియెస్టర్ జెల్‌కోట్ సరిగా పట్టదు. ఈ దారిలో వెళ్లేటట్టయితే గుంటలు నింపడానికీ జెల్‌కోటే వాడండి. ఇంకొకటి, మీరు సిలికాన్ తాకించిన ఏ చోటా తర్వాత పెయింట్ వేయకండి. పెయింట్ అక్కడ చేపకళ్లలా గుండ్రటి గుంతలు తేలుతుంది.

మిగతా చోట్ల పెయింటే. ముందుగా ఫిటింగులన్నీ విప్పేయండి. తాడు పట్టి ఉంచే క్లీట్ చుట్టూ కుంచెతో జాగ్రత్తగా దిద్దిన పెయింట్ సరిగ్గా క్లీట్ అంచు నుంచే ఊడటం మొదలుపెడుతుంది. విప్పిన రంధ్రాల్లోంచి రెండు రోజులు చెమ్మ ఆరనివ్వండి. పనిలో పనిగా స్క్రూడ్రైవర్ పిడితో డెక్కంతా తట్టి చూడండి. టంగుమనాల్సింది ఎక్కడైనా మొద్దుగా మోగితే, లేదా బొటనవేలితో నొక్కితే దిగితే, లోపలి ఫోమ్ విడిపోయింది. అది ముందు బాగు చేయాల్సిన పని, పెయింట్ దాన్ని కప్పిపెడుతుందే తప్ప ఆపదు.

మైనం తీసే పనికి రెండు గుడ్డలు కావాలి. ఒకదానితో అసిటోన్ గానీ డీవాక్సర్ గానీ తడిగా పూసి, అది ఆరకముందే రెండో పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. ఒకే గుడ్డతో చేస్తే మైనం అటునుంచి ఇటు బదిలీ అవుతుందే తప్ప పోదు. రెండు చేతుల వెడల్పు చొప్పున ముందుకు వెళుతూ గుడ్డ మడతలు మారుస్తూ ఉండండి. అయ్యాక నీళ్లు చల్లండి. నీళ్లు ఒకే రేకులా పరుచుకుంటే శుభ్రం. తామరాకు మీద బొట్లలా ముడుచుకుంటే మళ్లీ మొదటికి. ఈ నీళ్ల పరీక్ష నెగ్గాకే 120తో మొదలుపెట్టి 180తో ముగించండి. మెరుపు ఎక్కడా మిగలకూడదు. గళ్ల లోయల్లో మెరుపు మిగిలితే స్కాచ్‌బ్రైట్ మడిచి వేలి కొనతో రుద్దాలి, అక్కడికి సాండ్‌పేపర్ చేరదు.

మాస్కింగ్ టేపు అంటించడంలోనే సగం అందం ఉంది. డెక్ అంచుల నుంచి, ఫిటింగుల చుట్టూ 20 నుంచి 25 మిల్లీమీటర్లు నున్నటి పట్టీ వదలండి. నీళ్లు పారడానికీ సీలంట్ అంటుకోవడానికీ ఆ పట్టీ కావాలి. మూలలు గుండ్రంగా తిప్పండి, ఏదైనా చిన్న డబ్బా మూత పెట్టి బ్లేడుతో కోస్తే సరి. చదరపు మూల అందరికన్నా ముందు లేస్తుంది.

కొలతలు ఇవీ. మీ సైజు పడవలో గరుకు కావాల్సిన చోటు అంతా కలిపి సుమారు 2 చదరపు మీటర్లు. అందులో పాదాలకు 1, సైడ్ డెక్‌కి 1 అనుకుందాం. ఎపాక్సీ ప్రైమర్ 300 మిల్లీలీటర్లు, రెండు భాగాల పాలీయురేథేన్ 750 మిల్లీలీటర్ల సెట్టు ఒకటి, పాలిమర్ గుళికలు 300 గ్రాములు. నిలబడేది అందులో సగమే, మిగతాది ఊడ్చి తీసుకోవచ్చు. కివీగ్రిప్ లాంటి మందపాటి నీటి ఆధారిత పూత అయితే లీటరు రెండు, రెండున్నర చదరపు మీటర్లకే సరిపోతుంది. పట్టు బాగుంటుంది, వేయడమూ తేలికే, కానీ ఆ మందమంతా మీరు మోసుకు తిరగాల్సిన బరువు. ఇంటర్‌డెక్ లాంటి, రేణువు ముందే కలిపి వచ్చే ఒంటి డబ్బా పెయింట్ కూడా ఒడ్డున ఆరబెట్టి ఉంచే డింగీకి సరిపోతుంది. దాన్ని మాత్రం వేస్తున్నంతసేపూ కలుపుతూనే ఉండాలి, లేకుంటే రేణువంతా అడుగుకు చేరి మొదటి పక్క నున్నగా, చివరి పక్క గరుకుగా తయారవుతుంది. నిరుడు మీరు ఇసుక కలిపి వేసినప్పుడూ ఇదే జరిగి ఉంటుంది.

అందుకే కలపకండి, చల్లండి. ప్రైమర్ ఒక పూత వేసి, డబ్బా మీద రాసిన గడువులోపు పాలీయురేథేన్ ఒక పల్చటి పూత వేయండి. గడువు దాటితే 220తో తేలిగ్గా రుద్దాకే తర్వాతి పూత. రెండో పూత పాదాల చోట మాత్రం కాస్త నిండుగా, ఒకసారికి మూరెడు మేర రోలర్ చేసి, తడి మీదే గుళికలు చల్లాలి. మూతకు చిల్లులు పొడిచిన డబ్బాని 30, 40 సెంటీమీటర్ల ఎత్తున పట్టుకుని తేలిగ్గా ఆడించండి. దగ్గర నుంచి చల్లితే కుప్పలు పడతాయి. పెయింట్ తడి మెరుపు కనిపించకుండా పోయేదాకా చల్లాలి. అక్కడక్కడా చల్లి ఆపేస్తే అక్కడక్కడే జారుతుంది. పక్కన ఇంకా చల్లాల్సిన వైపు రెండు వేళ్ల వెడల్పు తడి అంచు వదిలితే అతుకు తెలియదు. మర్నాడు మెత్తటి కుంచెతో, వాక్యూమ్‌తో వదులు గుళికలన్నీ తీసేసి, 5 నుంచి 10 శాతం థిన్నర్ కలిపిన పెయింట్‌తో పై పూత ఒకటి వేయండి. ఈ పై పూత చిక్కగా వేస్తే గుళికల మధ్య సందులు పూడి శ్రమంతా వృథా. అసలే వేయకపోతే గుళికలు ఒక్కొక్కటిగా రాలి చిన్న చిన్న గుంటలు మిగులుతాయి. టేపు పెయింట్ పూర్తిగా గట్టిపడ్డాక కాదు, వేలికి కాస్త అంటుతున్నప్పుడే, తన మీదికి తనే మడుచుకునేలా వెనక్కి లాగండి.

సైడ్ డెక్‌కి గుళికలు వద్దు. అక్కడ రెండో పూత తడిగా ఉండగా సన్నటి పంచదార పైన చెప్పినట్టే చల్లండి. పెయింట్ బాగా గట్టిపడ్డాక గోరువెచ్చటి నీళ్లతో కడిగితే పంచదార కరిగిపోయి దాని గుంతలు మిగులుతాయి. నొక్కులే ఉంటాయి, పదును ఉండదు. తొడ జరుగుతుంది, తడి పాదం ఒకసారి ఆనినా నిలుస్తుంది. దీని మీద మళ్లీ పూత వేయకండి, గుంతలు పూడిపోతాయి. ముందుగా ఒక పాత పలక మీద చేసి చూసుకుంటే ఎంత చల్లాలో చేతికి తెలుస్తుంది.

వాతావరణం 15 నుంచి 25 డిగ్రీల మధ్య, నీడలో, పొడిగా ఉన్న రోజు మేలు. ఎండలో కాగిన డెక్ మీద పెయింట్ పరుచుకోకముందే బిగుసుకుంటుంది. సాయంత్రం వేస్తే ఆరకముందే మంచు పడి మెరుపు చచ్చి తెల్లబారుతుంది. పడవను తేల్చే గాలి ట్యాంకుల బిరడాలు తెరిచే ఉంచండి, లోపలి గాలి వేడికి వ్యాకోచించి అతుకుల్ని తోస్తుంది. రెండు భాగాల పాలీయురేథేన్‌ని ఇంట్లో స్ప్రే చేయొద్దు. అందులోని ఐసోసైనేట్ ఊపిరితిత్తులకు హాని, స్ప్రేకి బయటి గాలి అందే మాస్కు కావాలి. రోలర్‌తో అయినా ఆర్గానిక్ ఆవిరి ఫిల్టరున్న మాస్కు, చేతి తొడుగులు వాడండి. జెల్‌కోట్ హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపుకే ముప్పు. కళ్లద్దాలు లేకుండా ఆ సీసా మూత తీయకండి. పడితే పదిహేను నిమిషాలు ఆపకుండా నీళ్లతో కడిగి నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఫోమ్ ప్యాడ్ల విషయం. ప్రోగ్రిప్ లాంటి అంటించే ప్యాడ్లు ట్రాపీజ్ పడవ అంచులకు బ్రహ్మాండంగా ఉంటాయి. మీ కాక్‌పిట్ నేల మీద కూడా పనికొస్తాయి, సైడ్ డెక్ మీద మాత్రం తొడని పట్టుకుంటాయి. వాటికీ పైన చెప్పిన మైనం పనే చేయాలి, తప్పించుకునే దారి లేదు. మూలలు గుండ్రంగా కోయండి, 20 డిగ్రీల పైన అంటించండి, రెండు ముక్కల మధ్య నీళ్లు పోవడానికి 6 నుంచి 8 మిల్లీమీటర్లు సందు వదలండి, రెండు రోజులు తడపకండి. ఎండకు పై పొర మెరిసి జారడం మొదలైతే ఊడబీకక్కర్లేదు, చేత్తో 80 నంబర్ రుద్దితే మళ్లీ పట్టు వస్తుంది. సాండ్‌పేపర్‌లాంటి గరుకు టేపు పడవ ఎక్కే చోట అరచేయంత ముక్కకే సరి.

పెయింట్ వేశాక వారం రోజులు పడవ నీళ్లలోకి దించకండి. ఫిటింగులు బిగించేటప్పుడు సిలికాన్ సీలంట్ కాకుండా పాలీసల్ఫైడ్ వాడండి, మళ్లీ పెయింట్ చేయాల్సి వస్తే సిలికాన్ మరక వెంటాడుతుంది. ఆ తర్వాత ప్రతిసారీ ఉప్పునీళ్ల నుంచి రాగానే మంచినీళ్లు పోసి, నైలాన్ బ్రష్‌తో అడ్డంగా, నిలువుగా రెండు వైపులా తోమండి. సన్‌స్క్రీన్ జిడ్డు రేణువుల మధ్య పేరుకుంటే గరుకు ఉన్నా పాదం జారుతుంది, దానికి పాత్రలు తోమే సబ్బు చాలు. హల్‌కి (డెక్ కింది పడవ ఒడలికి) పాలిష్ పెట్టే రోజు మాత్రం గరుకు చోట్లకు ముందు టేపు అంటించి కప్పండి. పాలిష్ గుడ్డ నుంచి ఎగిరిన తుంపర ఒకసారి వాటి మీద పడితే, ఆ మైనాన్ని గుళికల మధ్య నుంచి తీయడానికి ఆ రెండు గుడ్డల పని మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే.